హేజెల్‌కి పెట్టిన ఉలవలు

హేజెల్ అనే ఆ ఆడగుర్రానికి గడ్డి తూచి పెట్టడం చూసినప్పుడల్లా వెంకటస్వామికి ఒళ్ళు మండేది. ఆ గుర్రాల కొట్టం నడిపే డార్లా పాత స్ప్రింగు కాటాకి గడ్డివల తగిలించి, ముల్లు ఆగేదాకా కళ్ళు చికిలించి చూసి, ఎక్కువనిపిస్తే ఒక గుప్పెడు పీకి పక్కన పడేసేది. అంతటితో ఊరుకునేదా, ఆ వలను నీళ్ళ తొట్టెలో ముంచి అరగంట నానబెట్టి, నీళ్ళన్నీ కారిపోయాక పెట్టేది. ఉన్న కాస్త రుచీ కడిగేసి పెట్టడం ఏం మర్యాదో ఆయనకు అర్థం కాలేదు. తెనాలి స్టేషను దగ్గర జట్కా తోలిన ఆయన తండ్రి, ఇంట్లో బియ్యం నిండుకున్న రోజు కూడా గుర్రానికి ఉలవలు ఎగ్గొట్టలేదు. ఇంత దేశంలో, ఇంత గడ్డి పెట్టుకుని, తూకాలేమిటి వీళ్ళ మొహం.

ఈ మాటలన్నీ లోపలే. బయటికి రావడానికి ఆయన దగ్గర ఇంగ్లీషు లేదు. ఆర్టీసీ డిపోలో ముప్పై రెండేళ్ళు మెకానిక్కుగా చేసినప్పుడు బ్రేకు డ్రమ్ము, గేరు బాక్సు, యెస్ సార్, నో సార్‌లతో సరిపోయింది. వినడం మాత్రం బాగానే వచ్చు. ఎవరేమన్నా ముప్పాతిక వంతు అర్థమవుతుంది, కానీ జవాబు నాలుక మీదికి వచ్చేసరికి ఎదుటివాళ్ళు ఇంకో మాటలోకి వెళ్ళిపోతారు.

కూతురు రజిని అమెరికాలో, బెంటన్‌విల్ అనే ఊళ్ళో కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. ఇంట్లో గోడలు చూస్తూ తండ్రి చిక్కిపోతున్నాడని, పన్నెండు మైళ్ళ అవతల, కోళ్ళ షెడ్లు దాటాక దిక్కులేని గుర్రాల్ని చేరదీసే ఈ రెస్క్యూలో వాలంటీరుగా చేర్పించింది. మంగళవారం, గురువారం ఆఫీసుకి వెళ్తూ దింపుతుంది, లంచ్ టైములో వచ్చి తీసుకెళ్తుంది. శనివారం మాత్రం సాయంత్రం దాకా. అది 2010, అక్టోబరు. ఉద్యోగాలు పోయినవాళ్ళు, ఇళ్ళు బ్యాంకులకి వదిలేసినవాళ్ళు గుర్రాల్ని తెచ్చి గేటుకి కట్టేసి వెళ్ళిపోతున్న రోజులు. పదిహేను గుర్రాలకి కట్టిన కొట్టంలో ఇరవై ఆరు ఉన్నాయి. డార్లాకి అరవై దాటాయి, మోకాలికి పట్టీ వేసుకుని, స్కూలు బస్సు నడిపినందుకు వచ్చే పెన్షన్‌తో వాటి వెంట తిరుగుతూ ఉంటుంది. ఆమె మొహం చూస్తే ఎప్పుడూ అప్పుడే నిద్ర లేచినట్టో, ఇంకా నిద్రే పోనట్టో ఉంటుంది.

ఆ మంగళవారం ఉదయం ఆయన తొమ్మిది స్టాళ్ళు, గుర్రానికొకటి చొప్పున ఉండే అరలు, శుభ్రం చేశాడు. తడిసిన చెక్కపొట్టు ఒక పక్కకి, పొడిది ఒక పక్కకి లాగి, లద్దెలు ఫోర్కుతో జల్లించి తోపుడు బండిలో వేయడం. నడుము పీక్కుపోతున్నా ఆ పనిలో ఆయనకి ఒక సుఖం ఉంది. ఇక్కడికి వచ్చాక తనకు తెలిసిన పని ఇదొక్కటే. గుర్రం చెవులు ఎటు తిరిగాయో చూసి అది ఏం చేయబోతోందో చెప్పగలడు. పక్క స్టాల్లో కర్టిస్ కూడా అదే పని చేస్తున్నాడు. నలభై ఐదేళ్ళుంటాయి, ఇళ్ళకి పైకప్పులు వేసేవాడు. లైసెన్సు సస్పెండైనా బండి నడిపి దొరికిపోతే, కోర్టు ఇక్కడ ఇన్ని గంటలు ఊరికే పని చెయ్యమంది. ప్రతిరోజూ డార్లా చేత కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. నెలాఖరుకి గంటలు పూర్తికాకపోతే ఏమవుతుందో ఒకసారి వెంకటస్వామికి రెండు మణికట్లూ దగ్గర పెట్టి చూపించాడు. ఆ సైగకి తర్జుమా అక్కర్లేదు.

"శనివారం హేజెల్ వెళ్ళిపోతోంది, తెలుసు కదా మిస్టర్ స్వామీ?" అన్నాడు కర్టిస్ గోడ మీదుగా. డార్లా ఆయన్ని ఉత్త 'స్వామి' అంటుంది. కర్టిస్ ఒక్కడే మిస్టర్ తగిలిస్తాడు.

తెలుసు. ఎవరో పెంచుకోవడానికి తీసుకెళ్తున్నారని పోయిన మంగళవారమే తెలిసింది. అప్పట్నుంచే పెడుతున్నాడు.

గోధుమరంగు హేజెల్, పధ్నాలుగేళ్ళది, డొక్కలు ఇంకా లెక్కకి అందుతున్నాయి. మూడు నెలలుగా ఈయనే మాలిష్ చేస్తే చర్మానికి కాస్త నిగారింపు వచ్చింది. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోయే ప్రాణిని ఖాళీ కడుపుతో పంపడం ఎక్కడైనా ఉందా. కొత్తచోట నాలుగు రోజులు బెంగతో సరిగ్గా మేతే ముట్టదు. ఇక్కడున్నప్పుడే నాలుగు మెతుకులు పడితే కదా ఆ ప్రయాణానికి తట్టుకునేది. అందుకని రజిని లేవకముందే కుక్కర్లో ఉలవలు మెత్తగా ఉడికించి, వేడి మీదే బెల్లం చితక్కొట్టి కలిపి, పెద్ద స్టీలు డబ్బాలో పెట్టుకుని, పై గిన్నెలో రెండు ఇడ్లీలు సర్ది, తన తిండిలాగే తెస్తున్నాడు.

స్టాలు తలుపు మీద ఎర్ర టేపు అంటించి, దాని మీద పెద్దక్షరాలతో రాసి ఉంది. గడ్డి తప్ప ఏదీ పెట్టకూడదని. ఆ రెండు ముక్కలు చదవగలడు ఆయన. అది యాపిల్ ముక్కలు, చక్కెర బిళ్ళలు తెచ్చే సందర్శకుల కోసం రాశారనుకున్నాడు. అనుకున్నాడో, అలా అనుకుంటే తేలిగ్గా ఉంటుందని అనుకున్నాడో. ఏదైతేనేం, డార్లా ఫోన్లో ఉన్నప్పుడు తొట్టెలో డబ్బా వంచాడు. హేజెల్ మూతి ముంచి, తల ఎత్తకుండా, పళ్ళెం గీకినట్టు తొట్టె అంతా నాకింది. పెదవుల నిండా బెల్లం జిగురు. ఆయన తడిగుడ్డతో దాని మూతి తుడిచాడు.

"తల్లీ, తిను. మళ్ళీ ఎవరు పెడతారో" అన్నాడు తెలుగులో.

గురువారం కారు దిగేసరికే వెటర్నరీ డాక్టరు ట్రక్కు గేటు దగ్గర ఉంది. హేజెల్ స్టాల్లో వెనక్కి ఒరిగి, ముందు కాళ్ళు బారజాపి, ఏదో పట్టు జారితే పడిపోతానన్నట్టు నిలబడి ఉంది. ఒక కాలు నేల మీద ఆన్చడానికి భయపడి, ఇంకో కాలి మీదికి బరువు మార్చి, అది భరించలేక మళ్ళీ మొదటి కాలికే వస్తోంది. కళ్ళు సగం మూసుకుపోయాయి. డాక్టరమ్మ డెక్క మీద అరచెయ్యి పెట్టి, "కాలిపోతోంది" అంది.

వెంకటస్వామి చేతిలో స్టీలు డబ్బా ఉన్న సంచి ఉంది. దాన్ని మెల్లగా గడ్డి మోపుల వెనక పెట్టాడు.

డాక్టరమ్మ డార్లాకి చెప్తున్నది ఆయనకి ముప్పాతిక కాదు, మొత్తం అర్థమైంది. దీని ఒంట్లో తీపి అరగదు, మనుషుల్లో షుగరు జబ్బు లాంటిదే. తీపీ, గింజలూ పడితే ఆ దెబ్బ డెక్కల్లో తగులుతుంది, లోపల వాచి, ఎముకని పట్టుకున్న కండ ఊడుతుంది. అందుకే కదా గడ్డి కూడా కడిగి పెట్టమన్నాను అంది. రెండు మూడు రోజులు మంచు నీళ్ళలో కాళ్ళు ఉంచాలి. ఆ తర్వాత ఎముక కిందికి జారిందా లేదా ఎక్స్‌రే తీస్తే తెలుస్తుంది. జారితే ఇక నొప్పి లేకుండా ప్రాణం పోవడానికి ఇచ్చే ఇంజెక్షన్ ఒకటే దారి.

షుగరు. పదకొండేళ్ళుగా పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మాత్ర మింగుతున్న మనిషి ఆయన. తలుపు మీది ఎర్ర టేపు వంక చూశాడు.

డార్లా తొట్టె కింద పొట్టు కెలికి ఏదో ఏరింది. అరచేతిలో ఉబ్బిన గోధుమరంగు గింజలు నాలుగైదు. అటూ ఇటూ తిప్పి చూసింది, వాసన చూసింది. ఏమిటో ఆమెకి తెలియలేదు.

"కర్టిస్," అని పిలిచింది. "నీ బావమరిది పశువులకి పెట్టే దాణా ఇదేనా?"

కర్టిస్ వచ్చి చూశాడు. గింజల వంక చూశాడు, హేజెల్ వంక చూశాడు. "కాదు. ఇది నేను తేలేదు."

"పోయిన నెల నువ్వు ఆ నల్లగుర్రానికి డోనట్ పెట్టావు. నేను కళ్ళారా చూశాను."

"డోనట్ పెట్టాను. ఇది పెట్టలేదు."

"ఈ స్టాలు వైపు నువ్వు, స్వామి తప్ప ఎవరు వస్తున్నారు?" అంది డార్లా. అరవలేదు, అరిచే ఓపిక ఆమెకి లేదు. "స్వామి తన తిండి కూడా బయటికెళ్ళి తిని, చెయ్యి కడుక్కుని వస్తాడు. రెండు నెలలు ఎదురుచూసి ఒక ముసలి జంట దీన్ని తీసుకెళ్తామంటే, రెండు రోజుల ముందు ఇలా. ఇంటికెళ్ళు కర్టిస్. నేను ఇక సంతకం పెట్టలేను."

చీపురు గోడకి ఆనించి కర్టిస్ గ్లవ్స్ తీశాడు. ఒకదానిలో ఒకటి దోపి జేబులో పెట్టుకున్నాడు. వెళ్తూ వెంకటస్వామి ముందు ఒక్క క్షణం ఆగాడు. ఆ చూపులో కోపం లేదు. అడగడమూ లేదు. ఈయన నోరు తెరిచాడు. మాట తెలుగులోనూ రాలేదు, ఇంగ్లీషులోనూ రాలేదు. గేటు దాటి, బస్సులు లేని ఆ రోడ్డు పక్కన కర్టిస్ నడుచుకుంటూ పోతుంటే కోళ్ళ షెడ్ల మలుపు దాకా కనబడ్డాడు.

మధ్యాహ్నం రజిని వచ్చేదాకా వెంకటస్వామి మంచు మోశాడు. ఎవరూ చెప్పకుండానే మోశాడు.

శుక్రవారం సాయంత్రం రజిని ఆఫీసు నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా బెల్లం డబ్బా తెచ్చి డైనింగు టేబుల్ మీద పెట్టింది.

"నాన్నా, ఇది నిండుగా ఉండేది. ఇప్పుడు అడుగున ఉంది. ఫాస్టింగ్ టూ టెన్ చూపించినప్పుడే నాకు డౌట్ వచ్చింది. చిన్నపిల్లాడివా నువ్వు? నేను ఆఫీసులో కూర్చుని నీ బెల్లానికి కాపలా కాయాలా?"

"నేను తినలేదమ్మా."

"మరి?"

చెప్పాడు. ఉలవలు, డబ్బా, ఎర్ర టేపు, కర్టిస్ గ్లవ్స్ జేబులో పెట్టుకోవడం, అన్నీ చెప్పాడు. టేపు మీద ఏం రాసుందో చదివాననీ చెప్పాడు. రజిని కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రేపు నువ్వు నాతో వచ్చి, నేను చెప్పింది చెప్పినట్టు డార్లాకి చెప్పాలి," అన్నాడు వెంకటస్వామి.

"వద్దు నాన్నా."

"వద్దంటే ఎట్లా?"

"ఇక్కడ యానిమల్ క్రూయల్టీ అంటే జోక్ కాదు. ఆవిడ కంప్లెయింట్ ఇస్తే? నీ వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. నా గ్రీన్ కార్డ్ ఫైల్ చేసి మూడేళ్ళయింది, నా కాంట్రాక్ట్ డిసెంబర్‌లో రెన్యూ అవుతుందో లేదో తెలీదు. ఇప్పుడు పోలీసు రికార్డుల్లోకి మన పేరు ఎక్కాలా? రేపట్నుంచి మానెయ్. ఒంట్లో బాగాలేదని నేను ఫోన్ చేస్తాను."

"అతన్ని జైల్లో పెడతారు రజినీ."

"పెట్టరేమో. జడ్జికి చెప్పుకుంటాడు. వాళ్ళ దేశం, వాళ్ళ భాష." కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంది. "అతనెవరో నాకు తెలీదు నాన్నా. నువ్వు తెలుసు."

కూతురు చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు. పొద్దున ఆరింటికి లేచి రాత్రి పదకొండుకి పడుకునే పిల్ల, దాని నెత్తిన ఇంకో బరువు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచాడు.

"రేపు మాత్రం దింపు," అన్నాడు చెయ్యి కడుక్కుంటూ. "కాళ్ళకి మంచు మార్చాలి. మనిషి లేడు అక్కడ."

శనివారం దత్తతల రోజు. ట్రైలర్లు తగిలించుకున్న ట్రక్కులు మూడు, పొద్దున తొమ్మిదికే వచ్చాయి. డార్లా మడతబల్ల వేసుకుని ఫారాలు నింపిస్తోంది. కంచె ఎత్తెంత, నీళ్ళు ఎక్కడ, డాక్టరు నంబరేమిటి, మీరు ఊరెళ్తే ఎవరు చూస్తారు, ఉంచుకోలేకపోతే ఇంకెవరికీ అమ్మకుండా మాకే తిరిగి ఇస్తామని ఇక్కడ సంతకం. అందరినీ అవే అడుగుతుంది, అదే గొంతుతో.

హేజెల్ కోసం వచ్చిన జంటలో భర్త పోస్టుమాన్‌గా చేసి రిటైరయ్యాడు. భార్య కొత్త నీలం రంగు తలతాడు తెచ్చింది, దాని మీద హేజెల్ పేరు కుట్టించింది. డార్లా వాళ్ళని స్టాలు దగ్గరికి తీసుకొచ్చింది. హేజెల్ ముందు కాళ్ళు రెండూ మంచు నీళ్ళ తొట్టెల్లో పెట్టుకుని, తల వేలాడేసి నిలబడి ఉంది. వెంకటస్వామి ప్లాస్టిక్ చెంబుతో మోకాళ్ళ మీద నీళ్ళు పోస్తున్నాడు. ఆయన వేళ్ళు నీలంగా మారాయి.

"నడవగలుగుతుందా?" అని అడిగిందామె.

"తెలీదు. సోమవారం ఎక్స్‌రే. బాగైనా, దీన్ని ఇప్పట్లో ఎవరికీ ఇవ్వలేను."

ఆమె తలతాడుని రెండు చేతులతో మెలిపెట్టింది. పోస్టుమాన్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. గంటసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి ఒక తెల్ల పొట్టిగుర్రాన్ని ఎక్కించుకుని వెళ్ళారు. వెళ్ళేముందు ఆమె వచ్చి, చెమ్మగా ఉన్న హేజెల్ నుదురు మీద నీలం తాడు ఒకసారి ఆన్చి చూసి, మళ్ళీ సంచిలో పెట్టుకుంది. వెంకటస్వామికి తల ఎత్తబుద్ధి కాలేదు. ఈ పాపం ఏ నీళ్ళు పోస్తే పోతుంది అనుకున్నాడు.

మూడింటికే రజిని వచ్చింది. ఆమె కారు వెనకే ఒక పాత ట్రక్కు ఆగింది, అందులోంచి కర్టిస్ దిగాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బావమరిది కాబోలు, ట్రక్కులోనే కూర్చున్నాడు. కర్టిస్ నేరుగా మడతబల్ల దగ్గరికి వెళ్ళి మడత పెట్టిన కాగితం తీశాడు.

"మిగిలిన గంటలు వద్దు డార్లా. ఇప్పటిదాకా చేసినవి చేశాడని సంతకం పెట్టు చాలు. సోమవారం కోర్టు."

డార్లా కాగితం తీసుకోలేదు. "ఎందుకు మానిపించానో కూడా రాయాలి దాంట్లో. నేను అబద్ధం రాయను."

వెంకటస్వామి చెంబు వదిలేసి, ప్యాంటుకి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "రజినీ, చెప్పమ్మా ఆవిడకి. ఉలవలు పెట్టింది నేనని చెప్పు."

రజిని తండ్రి వంక చూసింది, కర్టిస్ ఇస్త్రీ చొక్కా వంక చూసింది. తర్వాత డార్లాతో ఇంగ్లీషులో, "హేజెల్‌కి ఇలా అయినందుకు మా నాన్న చాలా బాధపడుతున్నారు" అంది.

"నాకు తెలుసు," అంది డార్లా. "వచ్చిన రెండు రోజులూ కూర్చోలేదు ఆయన."

"అది కాదు నేను చెప్పమన్నది," అన్నాడు వెంకటస్వామి కూతురితో. గొంతు పెంచలేదు. "నాకు వినబడుతుందమ్మా. అర్థం కూడా అవుతుంది."

రజిని తల దించుకుంది.

ఆయన డార్లా ముందు నిలబడ్డాడు. డిపో మేనేజరు ముందు నిలబడినట్టు, చేతులు రెండూ పక్కలకి.

"మేడమ్. హేజెల్ ఫుడ్, మై ఫుడ్. బీన్స్. షుగర్. త్రీ డేస్ ఐ గివ్. బోర్డ్ ఐ రీడ్, స్టిల్ ఐ గివ్." కర్టిస్ వైపు చెయ్యి చూపించాడు. "హీ నో. ఓన్లీ మీ."

డార్లా చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టింది. ఆమె మోకాలు పట్టుకుని, బోర్లించిన బక్కెట్టు మీద నెమ్మదిగా కూర్చుంది.

"ఎంత పెట్టాడు? ఏ రోజుల్లో? తీపి ఏ రకం? డాక్టరుకి చెప్పాలి," అంది రజినితో.

రజిని ఈసారి ఒక్క ముక్క వదల్లేదు. తండ్రి చెప్పిన కొలతలు, రోజులు, బెల్లం ఎంత చితక్కొట్టాడో అరచెయ్యి చాపి మరీ చెప్పింది. డార్లా ఫారం వెనక అన్నీ రాసుకుంది. రాయడం అయ్యాక కర్టిస్ వైపు చూసింది.

"నీకు తెలుసా ఇది?"

"తెలుసు. పోయిన శనివారమే చూశాను."

"నిన్ను పొమ్మన్నప్పుడైనా ఎందుకు చెప్పలేదు?"

"నేను పెట్టలేదని చెప్పాను కదా. అదే నమ్మలేదు నువ్వు. ఆయన పెట్టాడంటే నమ్మేదానివా?"

డార్లా ఫారం మడిచింది. "పోనీ, చూసిన రోజున చెప్పాల్సింది కదా కర్టిస్," అంది. "గుర్రానికి ఈ గతి పట్టేది కాదు."

కర్టిస్ టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. మొదటిసారి అతని మొహంలో తప్పు చేసినవాడి చూపు కనబడింది.

"నిజమే. చెప్పాల్సింది. కానీ ఆయన గుర్రం కాలు ఎత్తించడం చూశావు కదా. మనం లాగుతాం, తోస్తాం. ఆయన చెయ్యి వేస్తే అదే ఎత్తి ఇస్తుంది. ఇక్కడ అందరికంటే ఆయనకే ఎక్కువ తెలుసనుకున్నాను నేను. మిస్టర్ స్వామి పెడుతున్నాడంటే దాని మంచికేలే అనుకున్నాను."

రజిని తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, ఆయన ఏమంటున్నాడంటే..."

"చెప్పక్కర్లేదమ్మా."

మూడు నెలలుగా ఈ దేశంలో ఎవరైనా ఆ మాట అంటారేమోనని చూశాడు ఆయన. గుర్రాలు తెలిసినవాడు అని ఒక్కరు, ఒక్కసారి అంటే చాలనుకున్నాడు. అన్నారు. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కిపోయాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటిని తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు.

డార్లా కర్టిస్ కాగితం లాక్కుని సంతకం పెట్టింది. గురువారం గంటలు కూడా వెయ్యబోతే కర్టిస్ వద్దన్నాడు, ఆ రోజు పని చెయ్యలేదన్నాడు. ఆమె రజినితో, "మీ నాన్న ఇక దాణా గదిలోకి వెళ్ళడానికి వీల్లేదు. ఎవరికీ ఏమీ పెట్టడానికి వీల్లేదు. అర్థమైందా?" అంది. లేస్తూ, స్టాళ్ళ వైపు చూసి, "మంగళవారం రావచ్చు. మనుషులు లేరు నాకు" అని గొణిగింది.

కర్టిస్ ఇస్త్రీ చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, మంచు పెట్టె మూత తీశాడు. రెండు బక్కెట్లు నింపి ఒకటి వెంకటస్వామికి అందించాడు. ఇద్దరూ హేజెల్ స్టాల్లోకి వెళ్ళారు. తొట్టెల్లో మంచు ఎప్పుడో కరిగిపోయింది. పాత నీళ్ళు తియ్యాలంటే ముందు కాళ్ళు బయటికి తీయించాలి.

వెంకటస్వామి దాని పక్కన వంగాడు. చెయ్యి చాపి, కాలి మీద వెయ్యకుండానే ఆగిపోయాడు. తలెత్తి కర్టిస్‌ని అడిగాడు.

"విచ్ లెగ్ ఫస్ట్?"